ఏ డబ్బాలో పోశాను

ముప్పై ఏళ్ళు ప్లాంటులో హైడ్రాలిక్స్ పని చేసినవాడికి లారీ క్లచ్ ఒక లెక్కా అనుకున్నాను. అనుకుని ఊరుకుంటే బాగుండేది. పైకి కూడా అన్నాను, అదీ మా ఆవిడ ముందు, ఆవిడ తమ్ముడి ముందు.

రోలింగ్ మిల్లు అడుగున నూనె పంపులుండే సెల్లార్‌లో నా ఉద్యోగమంతా గడిచింది. పైన ఎర్రటి ఉక్కు పరుగులు పెడుతుంటే కింద మేము పైపులకి చెవులానించి కూర్చునేవాళ్ళం. ఏ వాల్వు మొరాయించినా ముందు నన్నే పిలిచేవారు. నూనెని వేళ్ళ మధ్య రాసి చూసి అది ఏ నూనో, ఎన్నాళ్ళు వాడిందో చెప్పేవాణ్ణి. మెచ్చుకునేవాళ్ళు మెచ్చుకున్నారు, మిగతావాళ్ళు నాకు పొగరన్నారు. ఇద్దరూ నిజమే చెప్పారు.

రిటైరయ్యాక రుఆబాంధాలో ప్లాంటు క్వార్టర్‌లో ఆరునెలలు కూర్చునేసరికి పిచ్చెక్కింది. మా బావమరిది అప్పటికి పదిహేనేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ లారీలు తోలుతున్నాడు. ఇద్దరం కలిసి ఒక పాత చిన్న లారీ కొన్నాం. తోలడం అతని వంతు, బాగోగులు చూడడం నా వంతు. నేను చూసిన బండికి అతను మళ్ళీ ఒంగి చూసేవాడు కాదు. మా బావ ప్లాంటు మనిషి, ఆయన చెయ్యి పడితే బండి పక్కా అని తోటి డ్రైవర్లతో చెప్పుకునేవాడట. ఆ మాట నా చెవిన పడ్డప్పుడల్లా నేను ఇంకో అంగుళం పొడుగయ్యేవాణ్ణి.

సంగతి జరిగింది పోయిన చలికాలంలో. మర్నాడు తెల్లవారగానే అతను ఇనుప బీరువాలు వేసుకుని విజయనగరం వెళ్ళాలి. జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా వెళ్ళి సాలూరు ఘాట్ దిగాలి. ఆ ఘాట్ దిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు. బరువు బండి చిన్న గేరులో, కాలు బ్రేకు మీద పెట్టుకుని, వంపు తర్వాత వంపు దిగుతూ పోవాల్సిందే. పక్కన లోయ. అక్కడ బ్రేకు లేదంటే ఇక ఏమీ లేదు.

ఆ ఉదయం పదింటికి అతను రాయపూర్ నుంచి ఖాళీ బండి తెచ్చి మా క్వార్టర్ పక్క మైదానంలో పెట్టాడు. గేర్లు పడటం లేదన్నాడు. రివర్సు వేస్తే గరగరమంటోందట, క్లచ్ పెడలు తొక్కితే కిందికి పోయి బద్ధకంగా పైకి వస్తోందట. నేను బండి వంక చూడకుండానే తేల్చేశాను. క్లచ్ పైపులో గాలి చేరింది, తీసేస్తే సరి. పెడలు తొక్కితే పైనున్న సిలిండర్ నూనెని సన్నటి పైపులోకి తోస్తుంది, ఆ నూనె కింది సిలిండర్ని తోసి క్లచ్‌ని విడదీస్తుంది. మధ్యలో గాలి ఉంటే మన కాలి బలమంతా ఆ గాలిని నొక్కడానికే సరిపోతుంది. ఇదంతా అతనికి పాఠంలా చెప్పి, నువ్వెళ్ళి పడుకో, సాయంత్రానికి బండి సిద్ధం అన్నాను. అతను నెహ్రూ నగర్‌లో తన గదికి వెళ్ళిపోయాడు.

గాలి తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన పెడలు తొక్కాలి, ఒకరు కింద పడుకుని సిలిండర్‌కుండే, గాలి బయటికి పోయే చిన్న నిప్పుల్ విప్పుతూ బిగిస్తూ ఉండాలి. మా ఆవిణ్ణి పిలిచాను. పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా ఆవిడ లారీ క్యాబిన్‌లోకి ఎక్కింది అదే మొదటిసారి. చీర కుచ్చిళ్ళు దోపుకుని, పైకెక్కి, స్టీరింగు పట్టుకుని, పైనుంచి లోకమంతా బాగానే కనిపిస్తోందంది.

ప్లాంటులో మాకో పద్ధతి ఉండేది. ఒకడి చేతులు యంత్రంలో ఉన్నప్పుడు రెండోవాడు చెప్పిన మాట తిరిగి పలికి గాని బటన్ మీద చెయ్యి వెయ్యకూడదు. పని అయ్యాక అయిందని మళ్ళీ చెప్పాలి. ఆ పద్ధతే ఆవిడకీ పెట్టాను. నేను తొక్కమంటే ఆవిడ తొక్కినాను అనాలి. నేను నిప్పుల్ విప్పి, నూనె బయటికి చిమ్మాక బిగించి, వదలమనాలి. ఆవిడ వదిలీసినాను అనాలి. ఆవిడ రెండుసార్లకే పట్టేసింది. నిప్పుల్‌కి తగిలించిన గొట్టం చివర సీసాలో నాలుగు బుడగలొచ్చాయి. చూశావా, గాలి అన్నాను కిందనుంచే, గొప్పగా.

ఐదోసారికి ఏమీ రాలేదు. గాలీ లేదు, నూనే లేదు. ఆవిడ పెడలు పూర్తిగా వదల్లేదనుకున్నాను. కాలు తియ్యమని అరిచాను. తీశానంది. పూర్తిగా తియ్యమని మళ్ళీ అరిచాను, ఇంకో రెండు మాటలు కూడా కలిపి. ఇలాంటప్పుడు నా నోరు నా చేతిలో ఉండదు.

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "నా రెండు కాళ్ళూ సీటు మీద ఉన్నాయి, వచ్చి సూసుకోండి. నేను వదిలీసినాను. అదే పైకి రాటం నేదు."

బయటికి పాక్కుంటూ వచ్చి చూశాను. నిజమే. పెడలు నేలకి అతుక్కుపోయి ఉంది. కింద చెయ్యి పెట్టి లేపితే, నిద్రలోంచి లేపినట్టు మెల్లగా వచ్చింది. ముందు పలక ఎత్తి క్లచ్ నూనె డబ్బా చూశాను. అంతసేపు కొట్టినా అందులో మట్టం వెంట్రుకవాసి కూడా దిగలేదు. అంటే డబ్బాలోంచి నూనె సిలిండర్‌లోకి దిగటమే లేదు. దారి మూసుకుపోయింది. ఏం మూసిందా అనుకుంటూ డబ్బా మూత విప్పాను.

మూత లోపల ఒక పల్చటి రబ్బరు ఉంటుంది. అది చదునుగా ఉండాలి. ఇది ఉబ్బి, మడతలు పడి, మూతలో పట్టక బయటికి వేలాడింది. చేత్తో నొక్కి కూర్చోబెట్టబోతే ఇటు నొక్కితే అటు లేచింది. నాకింకా వెలగలేదు. రబ్బరు పాతదైపోయిందని గొణుక్కుంటున్నాను. మా ఆవిడ నా భుజం మీదుగా చూసింది.

"నూనె తగిల్తే మన కుక్కర్ రబ్బరు కూడా ఇలాగే ఉబ్బిపోతాది. ఇందులో వేరే నూనెగాని పోసినారేటి?"

అప్పుడు గుర్తొచ్చింది.

రెండు వారాల క్రితం బండి తుడుస్తూ క్లచ్ డబ్బాలో మట్టం తగ్గిందని చూశాను. అందులో పొయ్యాల్సింది బ్రేక్ ఆయిల్. పేరుకి ఆయిలేగాని అది నూనె జాతి కాదు, దాని రబ్బర్లు వేరు. ఇంట్లో బ్రేక్ ఆయిల్ సీసా ఖాళీ. పక్కనే జాకీ కోసం కొన్న హైడ్రాలిక్ ఆయిల్ డబ్బా నిండుగా ఉంది. హైడ్రాలిక్ క్లచ్‌కి హైడ్రాలిక్ ఆయిల్ కాక ఇంకేం పోస్తారు? మూడు దశాబ్దాలు చేతులు ముంచిన సరుకు, ఈ నీళ్ళలాంటి బ్రేక్ ఆయిల్ కన్నా నయం కాదూ అనుకున్నాను. ఇంకెవరైనా అయితే దుకాణానికి వెళ్ళి అడిగి ఉండేవాళ్ళు. మేము, నూనె మాకు తెలుసుననుకునేవాళ్ళం, అడగం. ప్లాంటులో ఒక నూనె డబ్బాలో ఇంకో నూనె పోశాడని ఒక మనిషిని వారం రోజులు సెల్లార్ మెట్లు దిగనివ్వలేదు నేను.

కానీ నా భయం క్లచ్ గురించి కాదు. ఆ పలక కింద రెండు డబ్బాలుంటాయి, పక్కపక్కనే, ఒకేలా. ఒకటి క్లచ్‌ది, రెండోది బ్రేకుది. ఆ రోజు రెండు మూతలూ విప్పాను. రెండూ గుడ్డతో తుడిచాను. క్లచ్ డబ్బాలో పోశాను. రెండో దాంట్లో కూడా పోశానా?

గుర్తు లేదు. ఎంత తవ్వినా గుర్తు రాలేదు. గుడ్డ గుర్తుంది, మూతలు గుర్తున్నాయి, జాకీ నూనె ఒంపిన చెయ్యి గుర్తుంది. ఏ డబ్బా మీద ఒంపిందో ఒక్కోసారి ఒక్కోలా కనిపించింది.

మా ఆవిడకి దాచలేకపోయాను. క్లచ్‌లో పోసిన మాట చెప్పాను. ఆవిడ రెండో డబ్బా వైపు చూసింది. నేనేమీ అనకముందే ఆవిడకి అర్థమైంది.

"బ్రేకులోనా?"

"తెలీదు."

ఈ రెండు వారాల్లో ఆవిడ తమ్ముడు ఆ బండి మీద నాలుగుసార్లు రాయపూర్ వెళ్ళొచ్చాడు, ఒకసారి ధమ్‌తరీ. క్లచ్ రబ్బరు ఉబ్బితే గేరు పడదు, అంతే. బ్రేకు రబ్బరు ఉబ్బితే ఒకరోజు బాగానే పట్టి, ఇంకోరోజు చక్రాలు బిగుసుకుపోయి, మరోరోజు కాలు కిందికి పోతుంది. ఆ మరోరోజు రేపు సాలూరు ఘాట్‌లో అయితే? నేను బ్రేకు డబ్బా మూత విప్పాను. దాని రబ్బరు చదునుగానే కనిపించింది. అయినా నా కళ్ళని నేను నమ్మలేదు. చదునుగా ఉండాలని అంత గట్టిగా కోరుకుంటూ చూస్తే ఏదైనా చదునుగానే కనిపిస్తుంది.

మా ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే నాకు కాస్త సుఖంగా ఉండేది. బండిని ఎవరూ ముట్టుకోకుండా నేను ఇక్కడే కూచుంటాను, మీరు ముందు లారీ సామాను దుకాణానికి ఎల్లిరండి అంది. అని క్యాబిన్ మెట్టు మీద కూర్చుంది.

స్కూటరు మీద దుర్గ్ వెళ్ళాను. దారి పొడుగునా ముందు పోయే ప్రతి లారీ బ్రేకు దీపాలు చూస్తూ వెళ్ళాను. ఆ దుకాణం పెద్దాయనది శ్రీకాకుళం వైపు. నలభై ఏళ్ళుగా లారీల విడిభాగాలే అమ్ముతున్నాడు. నేను తీసుకెళ్ళిన మూత రబ్బరు అటూ ఇటూ తిప్పి చూసి, ఏ నూనె పోశారని అడిగాడు. నిజం చెప్పడానికే నోరు తెరిచాను. డ్రైవర్ ఎవడో తెలియక పోశాడని వచ్చింది నోట్లోంచి.

క్లచ్ రెండు సిలిండర్లకీ రబ్బర్ల కిట్లు, కొత్త గొట్టం, స్పిరిట్, బ్రేక్ ఆయిల్ కౌంటరు మీద పెట్టాడు. అప్పుడు నేను బ్రేకు సంగతి అడిగాను. అందులో కూడా పోసుంటే ఎలా తెలుస్తుందని. ఆయన తేలిగ్గా చెప్పాడు. ఒక గ్లాసుడు నీళ్ళలో నాలుగు చుక్కలు వెయ్యండి. బ్రేక్ ఆయిల్ నీళ్ళలో కలిసిపోతుంది. నూనైతే తేలుతుంది. డబ్బాలో పైనుంచే తియ్యండి, నూనె ఉంటే పైకే చేరి ఉంటుంది. ఇంత చిన్న విషయం నాకెందుకు తట్టలేదని అక్కడే సిగ్గేసింది. సంచీ అందిస్తూ ఆయన ఇంకో మాట కూడా అన్నాడు.

"ఆ డైవర్ని మాత్రం ఘాట్ మీదికి పంపకండి బాబూ. తెలీనోడు కన్నా తెలుసుననుకునీవోడితోటే భయం."

తలూపి వచ్చేశాను. స్కూటరు స్టార్టు చెయ్యడానికి మూడుసార్లు కొట్టాల్సొచ్చింది.

నేనొచ్చేసరికి మా ఆవిడ అదే మెట్టు మీద ఉంది. పెద్దాయన చెప్పింది వినగానే రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. మనవడికి మందు పోసే సూది లేని సిరంజి తెచ్చింది. ముందు క్లచ్ డబ్బాలోంచి తీసి వేశాను. చుక్కలు గుండ్రంగా విచ్చుకుని నీళ్ళ మీద తేలాయి. చెంచాతో తిప్పితే చిన్న చిన్న బొట్లై మళ్ళీ పైకే వచ్చాయి. సిరంజి సబ్బుతో కడిగి, తుడిచి, ఆరబెట్టాం.

బ్రేకు డబ్బాలో పైపైన ముంచి తీశాను. ఆవిడ నా చేతిలోంచి సిరంజి తీసుకుని తనే వేసింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. చుక్కలు నీళ్ళలోకి దిగాయి. సన్నటి దారంలా కిందికి జారి, కరిగి, కనిపించకుండా పోయాయి. తిప్పి చూశాం. పైన ఏమీ లేదు. గ్లాసు ఎండకి ఎత్తి పట్టుకున్నాను. ఉత్త నీళ్ళు. ఇంకో గ్లాసు నీళ్ళు తెప్పించి మళ్ళీ వేశాం. మళ్ళీ కలిసిపోయాయి.

పోయలేదు. బ్రేకులో నేను పోయలేదు.

చక్రానికి ఆనుకుని నేలమీదే కూర్చుండిపోయాను. కళ్ళమ్మట నీళ్ళు వచ్చేశాయి. చాలాసేపు ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఆవిడ నా పక్కనే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత, ఇంక లేవండి, క్లచ్ ఎవరు బాగుచేస్తారు అంది.

ఆ మధ్యాహ్నం చేసినంత ఇష్టంగా నేను ప్లాంటులో కూడా ఏ పనీ చేసి ఉండను. రెండు సిలిండర్లూ విప్పాను. లోపలి రబ్బర్లు ఎంత ఉబ్బాయంటే కొత్తవాటి పక్కన పెడితే ఇవి వేరే బండివేమో అనిపించింది. పైసిలిండర్‌లో నూనె దిగే చిన్న రంధ్రాన్ని ఆ ఉబ్బిన రబ్బరే మూసేసింది. అందుకే పెడలు లేవలేదు, అందుకే గాలి ఎంత తీసినా రాలేదు. పైపు, డబ్బా స్పిరిట్‌తో కడిగాను, ఊది ఆరబెట్టాను, మళ్ళీ కడిగాను. పాత గొట్టం పారేశాను. కొత్త రబ్బర్లు బ్రేక్ ఆయిల్‌లోనే ముంచి ఎక్కించాను. సీసా మీద రాసింది ఈసారి రెండుసార్లు చదివి మరీ పోశాను.

మళ్ళీ ఆవిడ పైన, నేను కింద. తొక్కినాను, వదిలీసినాను. ఈసారి డబ్బాలో మట్టం దిగుతుంటే ఆవిడే చూసి చెప్పింది, నేను అడక్కుండానే మధ్యలో నింపింది. బుడగలు గుంపులుగా వచ్చి, పల్చబడి, ఆగిపోయాయి. గొట్టంలో నూనె తెగకుండా వచ్చింది. పెడలు గట్టిపడి తన కాలిని అదే పైకి తోసేస్తోందని ఆవిడ పైనుంచి చెప్పింది. ఆ గొంతులో ఉన్న సంతోషం విని బండి కిందే నవ్వుకున్నాను. పొద్దున్న అరిచినందుకు క్షమించమని కూడా అక్కడినుంచే అన్నాను. ముఖం కనబడనప్పుడు ఆ మాట తేలిగ్గా వస్తుంది.

నాలుగింటికి బావమరిది వచ్చాడు. బండి స్టార్టు చేసి గేర్లన్నీ వేసి చూసుకున్నాడు, మైదానం చుట్టూ ఒకసారి తిప్పాడు. కొత్త బండిలా ఉంది బావా అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఊరుకోవచ్చు. క్లచ్ బాగైంది, బ్రేకు బాగానే ఉంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. మా ఆవిడ కూడా ఆ మాట నాకే వదిలేసింది.

చెప్పేశాను. జాకీ నూనె క్లచ్‌లో పోసిన సంగతి, బ్రేకులో పోశానో లేదో గుర్తులేక హడలి చచ్చిన సంగతి, గ్లాసు నీళ్ళ సంగతి. దుకాణంలో తప్పు డ్రైవర్ మీదకి తోసిన సంగతి కూడా. అతను వింటున్నంతసేపూ బండి తలుపు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. డ్రైవర్ మాట దగ్గర మాత్రం తలెత్తాడు. ఆ పెద్దాయనకి నేను తెలుసు బావా అన్నాడు. నేను అక్కడికక్కడే దుకాణానికి ఫోన్ చేసి, పోసింది డ్రైవర్ కాదు, నేనే అని చెప్పాను. పెద్దాయన నవ్వి, తనకప్పుడే తెలుసునన్నాడు. డ్రైవర్ చేసిన తప్పుకి ఏ ఓనరూ బ్రేకు సంగతి అంత కంగారుగా అడగడట.

ఫోన్ పెట్టేశాక బావమరిది నా వైపు చూశాడు. కోపం లేదు, నవ్వూ లేదు.

"ఏక్ మినిట్ బావా. ఆ సిరంజి ఏదీ? నేను కూడా ఓసారి సూస్తాను."

ముప్పై ఏళ్ళలో నేను చూశానన్న దాన్ని మళ్ళీ చూసినవాడు లేడు. ఉంటే ఊరుకునేవాణ్ణి కాదు. అతను పలక ఎత్తాడు, బ్రేకు డబ్బాలోంచి తనే తీశాడు, గ్లాసులో తనే వేశాడు, ఎండలోకి పట్టుకుని తనే తిప్పి చూశాడు. తర్వాత బండి కిందికి దూరి నాలుగు చక్రాల దగ్గరా గొట్టాలు ముట్టుకుంటూ ఒక్కొక్కటే చూశాడు. నేను పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. చిన్నతనంగా ఉంటుందనుకున్నాను. కానీ అతని కాళ్ళు ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి జరుగుతుంటే నా గుండెలో బరువు ఒక్కో చక్రానికీ కాస్త కాస్తగా దిగింది. నా మాట మీద కాకుండా తన కళ్ళ మీద ఘాట్ దిగుతాడు ఇతను అనుకున్నాను.

అతను బయల్దేరిన మర్నాడు పొద్దున్న సాలూరు నుంచి ఫోన్ వచ్చింది. దిగిపోయానని, టీ తాగుతున్నానని చెప్పాడు. బయల్దేరేముందు మళ్ళీ ఒకసారి కిందికి దూరి చూశావా అని అడిగాను. చూశానన్నాడు. ఇంకెప్పుడూ చూడకుండా తోలకు, చూసింది నేనైనా సరే అన్నాను. అలాగే బావా అన్నాడు. ఫోన్ మా ఆవిడకిచ్చి, రెండు రోజుల తర్వాత ఇప్పుడే ఆకలేస్తోందని చెప్పి, వంటింట్లోకి వెళ్ళి కంచం పెట్టుకున్నాను.